మౌస్ ఒక్క బైటు ఇచ్చి ఆగిపోతోందా? డ్రైవర్ దాన్ని ఎలా చదవాలి, పెద్ద ఓఎస్‌లు ఎలా చదువుతాయి

భీమవరంలో ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్న ఒక తమ్ముడి ప్రశ్న ఇది. సొంతంగా చిన్న కెర్నల్ (ఓఎస్‌లో అన్నిటికీ అడుగున ఉండే భాగం) రాసుకుని, కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌లా నటించే క్యూఎము ఎమ్యులేటర్‌లో నడుపుతున్నాడు. మౌస్ ఇంటరప్ట్ (పరికరం ప్రాసెసర్‌ని పిలిచే సంకేతం) ఒక్కసారే వస్తోంది, 250 అనే ఒక్క బైటు ఇచ్చి ఆగిపోతోంది. విసుగొచ్చి ఇంటరప్ట్ తీసేసి పోర్టును (పరికరంతో మాట్లాడే, నంబరున్న గుమ్మాన్ని) లూపులో చదివితే కీబోర్డు బైట్లూ మౌస్ బైట్లూ కలగాపులగం అయిపోతున్నాయి. "విండోస్, లైనక్స్ మౌస్‌ను ఎలా చదువుతాయి? అవి కూడా లూపులోనే చూస్తూ కూర్చుంటాయా?" అని అడిగాడు.

ముందు మీ 250 సంగతి చెప్పేస్తాను తమ్ముడూ, సగం టెన్షన్ అక్కడే తీరిపోతుంది. అది మౌస్ కదలిక కాదు. 'ఇక డేటా పంపడం మొదలుపెట్టు' అని మీరు మౌస్‌కి 244 కమాండ్ ఇచ్చారు. దానికి మౌస్ 'సరే' అని ఇచ్చిన జవాబే 250. అంటే మీ మౌస్ సెటప్ బాగుంది, ఇంటరప్ట్ టేబుల్ (ఏ ఇంటరప్ట్‌కి ఏ కోడు నడవాలో రాసి ఉండే పట్టిక) కూడా బాగుంది. లేకపోతే ఆ ఒక్క బైటు కూడా వచ్చేది కాదు. తప్పు ఆ తర్వాత జరుగుతోంది. (అన్నీ మామూలు దశాంశ సంఖ్యల్లోనే రాస్తున్నాను. మీ కోడులో హెక్స్ ఉంటే మార్చుకుని చూసుకోండి.)

పాత పీసీ పద్ధతిలో ఇంటరప్ట్ కంట్రోలర్ చిప్పులు రెండు. ఒక్కోదానికి 8 లైన్లు. రెండో చిప్పు నేరుగా ప్రాసెసర్‌కి తగలదు, మొదటి చిప్పు 2వ లైనుకి తగులుతుంది. కీబోర్డు 1వ లైను, కాబట్టి అది మొదటి చిప్పు మీదే ఉంది. మౌస్ 12వ లైను, అది రెండో చిప్పు మీద ఉంది. కీబోర్డు హ్యాండ్లర్ (ఇంటరప్ట్ వచ్చినప్పుడు నడిచే కోడు) పని చేస్తోంది కదా అని దాన్నే కాపీ చేసి మౌస్‌కి పెట్టుకున్నారని నా అనుమానం. చాలామంది అలాగే చేస్తారు. కీబోర్డుకి 'పని అయిపోయింది' అన్న సంకేతం మొదటి చిప్పుకి ఒక్కదానికి ఇస్తే చాలు. మౌస్‌కి రెండింటికీ ఇవ్వాలి: ముందు రెండో చిప్పుకి, అంటే 160వ పోర్టుకి 32 రాయాలి. తర్వాత మొదటి చిప్పుకి, అంటే 32వ పోర్టుకి 32 రాయాలి. రెండో చిప్పుకి చెప్పకపోతే 'ఇంకా ఈ పని నడుస్తూనే ఉంది' అనుకుని అది ఆ లైను మీద మళ్ళీ పిలవదు. మీకు ఒక్కసారే ఇంటరప్ట్ రావడానికి ఇదే కారణమని తొంభై శాతం చెప్పగలను.

మిగతా పది శాతం: హ్యాండ్లర్‌లోకి వచ్చాక డేటా పోర్టును, అంటే 96ను, చదవకుండానే బయటికి వచ్చేయడం. పట్టుకోవాల్సిన బైటు అక్కడే ఉంటే కంట్రోలర్ తర్వాతి బైటును పైకి ఇవ్వదు. 'ఈ బైటు నాకు అక్కర్లేదు' అనుకున్నా సరే, చదివి పారేయాలి.

లూపులో కలగాపులగం ఎందుకయిందో కూడా చెప్తాను. కీబోర్డుకీ మౌస్‌కీ కంట్రోలర్ ఒక్కటే, డేటా బయటికొచ్చే గుమ్మం కూడా ఒక్కటే. ఎవరి బైటు వచ్చిందో చెప్పేది 100వ పోర్టులో ఉండే స్టేటస్ బైటు. అందులో 0వ బిట్ 1 అయితే చదవడానికి ఏదో ఉంది. 5వ బిట్ కూడా 1 అయితే అది మౌస్‌ది, 0 అయితే కీబోర్డుది. మీరు 0వ బిట్ మాత్రమే చూసి చదివేస్తున్నారు. 5వ బిట్ చూసి విడదీస్తే లూపు కూడా పని చేస్తుంది. కానీ లూపు వద్దు. ఎందుకో లెక్క వేసి చూడండి.

పీఎస్/2 మౌస్ (ఇప్పటిదాకా చెప్పిన పాత పద్ధతి మౌస్) మామూలుగా సెకనుకు 100 ప్యాకెట్లు పంపుతుంది, ప్యాకెట్‌కి 3 బైట్లు. మొత్తం 300 బైట్లు, అది కూడా చెయ్యి కదులుతున్నప్పుడే. 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌కి సెకనుకు 300 కోట్ల టిక్కులు. అంటే సగటున ఒక్కో బైటు కోసం కోటి టిక్కులు గుమ్మం దగ్గర నిలబడి ఎదురుచూస్తున్నట్టు. చెయ్యి కదలకపోతే ఆ ఎదురుచూపుకి అంతే లేదు.

మన దగ్గర వరద రోజులు గుర్తు తెచ్చుకోండి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటి మట్టం 11.75 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంకల్లో ఉండే వాళ్ళు గంటగంటకీ ధవళేశ్వరం వెళ్ళి గేజి చూసి రారు. హెచ్చరిక వస్తుంది, అప్పుడు పశువుల్ని గట్టు మీదికి తోలుకుంటారు. అప్పటిదాకా కొబ్బరి దింపులో, అరటి తోటలో ఎవరి పని వాళ్ళు చేసుకుంటారు. ఇంటరప్ట్ అంటే ఆ హెచ్చరికే. డ్రైవర్, అంటే పరికరంతో మాట్లాడే ఓఎస్ కోడు, 'చూస్తూ' ఉండదు. నిద్రపోతూ ఉంటుంది, పిలిస్తే లేస్తుంది, ఒక్క బైటు తీసుకుని మళ్ళీ పడుకుంటుంది.

లేచినప్పుడు చేసే పని కూడా చాలా తక్కువ ఉండాలి. బైటు చదవాలి, ఒక చిన్న వరుసలో పెట్టాలి, రెండు చిప్పులకీ 'అయింది' అని చెప్పాలి, బయటపడాలి. మూడు బైట్లను కలిపి అర్థం చేసుకోవడం, కర్సర్ గీయడం లాంటివి హ్యాండ్లర్‌లో పెట్టకండి. మీరు లోపల ఉన్నంతసేపూ మిగతా ఇంటరప్ట్‌లు గుమ్మం బయటే నిలబడి ఉంటాయి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మౌస్ గురించి ఇది ఒక్కటి పట్టుబడితే డ్రైవర్‌లో ప్రతి లైను ఎందుకుందో తెలుస్తుంది. మౌస్‌కి తను ఎక్కడుందో తెలియదు. స్క్రీన్ ఉందని కూడా తెలియదు. 'కిందటిసారి చెప్పినప్పటి నుంచి ఇంత జరిగాను' అని తేడా మాత్రమే చెప్తుంది. బంతి మౌస్ రోజుల్లో బంతికి ఆనుకుని రెండు చిన్న రోలర్లు, వాటి చివర గాట్లున్న చక్రాలు ఉండేవి. ఆ గాట్ల గుండా పోయే కాంతిని లెక్కపెట్టేవి. ఇప్పటి ఆప్టికల్ మౌస్ బల్ల ఉపరితలాన్ని సెకనుకు వెయ్యికి పైగా బుల్లి ఫోటోలు తీసి, ఒకదాని పక్కన ఒకటి పెట్టి ఎంత జరిగిందో తేలుస్తుంది. ఎలా కొలిచినా చివరికి బయటికి వచ్చేది తేడాయే. కర్సర్ ఫలానా చోట ఉందన్న లెక్క అంతా ఓఎస్ దగ్గరే ఉంటుంది.

ప్యాకెట్‌ను దగ్గరగా చూద్దాం. మౌస్‌ను కుడివైపుకి 5, కిందికి 2 జరిపారనుకోండి. వచ్చే మూడు బైట్లు ఇవి: 40, 5, 254.

మొదటి బైటు 40, అంటే 32 + 8. అందులో కింది మూడు బిట్లు ఎడమ, కుడి, మధ్య బటన్లు. ఇక్కడ ఏదీ నొక్కలేదు కాబట్టి మూడూ సున్నాలు. 8 విలువ ఉన్న 3వ బిట్ ఎప్పుడూ 1గా ఉంటుంది, దాన్ని గుర్తు పెట్టుకోండి. 16 విలువ ఉన్న బిట్ అడ్డం కదలికకి మైనస్ గుర్తు, 32 విలువ ఉన్నది నిలువు కదలికకి మైనస్ గుర్తు. పై రెండు బిట్లు 'ఇంత వేగం నేను లెక్కపెట్టలేకపోయాను' అని చెప్పే ఓవర్‌ఫ్లో గుర్తులు. రెండో బైటు 5, మైనస్ గుర్తు లేదు, కాబట్టి కుడికి 5. మూడో బైటు 254, మైనస్ గుర్తు ఉంది, 254 నుంచి 256 తీసేస్తే మైనస్ 2. పీఎస్/2లో పైకి వెళ్తే ప్లస్, కిందికి వస్తే మైనస్. స్క్రీన్ మీద లెక్క దీనికి తిరగబడి ఉంటుంది, పై అంచు సున్నా, కిందికి వచ్చే కొద్దీ పెరుగుతుంది. అందుకే నిలువు విలువను కూడకుండా తీసెయ్యాలి. ఇది మర్చిపోతే చెయ్యి పైకి పోతుంటే బాణం కిందికి పోతుంది, దాని గురించి మళ్ళీ ఇంకో ప్రశ్న అడగాల్సి వస్తుంది.

ఇప్పుడు అదే కదలిక కొనసాగుతోంది, ప్రవాహం 40, 5, 254, 40, 5, 254 అని వస్తోంది. మొదటి 40 ఎక్కడో పోయింది. డ్రైవర్‌కి కనిపించేది 5, 254, 40, మళ్ళీ 5, 254, 40. మొదటి బైటు 5 అంటే 4 + 1: ఎడమ బటనూ మధ్య బటనూ నొక్కి ఉన్నాయి! మైనస్ గుర్తులు లేవు కాబట్టి కుడికి 254, పైకి 40. మీరు మెల్లగా కిందికి జరుపుతుంటే బాణం కుడిపక్క పై మూలకి దూకుతుంది, దారిలో కనిపించిన వాటన్నిటినీ క్లిక్ చేస్తూ పోతుంది. ఒక్క బైటు తేడాతో ఇంత గొడవ.

ఇది పుస్తకంలో చదివి చెప్తున్నది కాదు. చాలా ఏళ్ల కిందట మండపేట వైపు ఒక రైసు మిల్లు ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. బిల్లు కొడుతుంటే మౌస్ దానంతటదే మూలకి పరుగెత్తుతోంది, మెనూలు తెరుచుకుంటున్నాయి, ఒకసారి ఏకంగా లారీ బిల్లు చెరిగిపోయింది, వైరస్ పట్టిందేమో చూడమన్నారు. గుమస్తా గారు పాపం అప్పటికే రెండు మౌస్‌లు మార్చి చూశారు. గంటసేపు కూర్చుంటే ఏమీ జరగలేదు. లోపల మిల్లు మోటారు ఆన్ చేశారు, అంతే, బాణం ఎగిరి మూలకి పోయింది. సీపీయూ గోడ అవతల ఉంది, మౌస్‌కి పొడుగాటి ఎక్స్‌టెన్షన్ వైరు వేసి, దాన్ని మోటారు కరెంటు వైర్ల పక్క నుంచే తెచ్చారు. నా దగ్గరున్న లైనక్స్ సీడీతో బూట్ చేసి కెర్నల్ సందేశాలు చూశాను. 'మౌస్ సింక్రనైజేషన్ పోయింది, 1 బైటు పారేస్తున్నాను' అన్న అర్థంలో వరసగా లైన్లు. మోటారు వేసిన ప్రతిసారీ ఒకటి. సీపీయూను టేబుల్ కిందికి తెచ్చి, ఎక్స్‌టెన్షన్ తీసేశాం. మళ్ళీ ఆ కంప్లైంట్ రాలేదు. బైట్ల వరస తప్పడం అంటే ఏమిటో ఆ రోజు కళ్ళారా చూశాను. అందుకే ఈ విషయం మీద ఇంతసేపు నిలబడుతున్నాను.

దీనికి మీ కోడులో పెట్టుకోవాల్సిన కాపలాలు మూడున్నాయి. ప్యాకెట్ మొదటి బైటు అనుకున్నదాంట్లో 3వ బిట్ 1 కాకపోతే అది మొదటి బైటు కాదు, పారేసి తర్వాతి దాన్ని చూడండి. పై ఉదాహరణలో 5లో ఆ బిట్ సున్నా, అక్కడే దొరికిపోతుంది. కానీ ఇది పూర్తి కాపలా కాదు, 254లో కూడా ఆ బిట్ 1గానే ఉంటుంది. అందుకని ఓవర్‌ఫ్లో గుర్తులున్న ప్యాకెట్‌ను నమ్మకండి, మొత్తం వదిలేయండి. మూడోది, సమయం. ఒక ప్యాకెట్‌లోని మూడు బైట్లు వెంటవెంటనే వస్తాయి. ప్యాకెట్ సగంలో ఉండగా చాలాసేపు ఏమీ రాకపోతే చేతిలో ఉన్న ముక్కను పారేసి కొత్తగా మొదలుపెట్టాలి. లైనక్స్ పీఎస్/2 డ్రైవర్ అర సెకను గడువు పెట్టుకుంటుంది. మీ 250ను కూడా ఇక్కడే చూసుకోవాలి. ఆ జవాబును విడిగా తీసి పక్కన పెట్టకుండా మొదటి ప్యాకెట్‌లో మొదటి బైటుగా లెక్కేస్తే, ఇంటరప్ట్ సమస్య తీరాక కూడా మీ ప్యాకెట్లన్నీ ఒక బైటు పక్కకి జరిగే ఉంటాయి.

ఒకటి గమనించండి. మొత్తం ప్యాకెట్ పోతే ఏమీ కాదు. బాణం అనుకున్నదానికంటే నాలుగు చుక్కలు వెనక ఉంటుంది, మన కన్ను చూసి చెయ్యే సరిదిద్దేస్తుంది, మనకి తెలియను కూడా తెలియదు. ప్యాకెట్‌లో ఒక్క బైటు పోతేనే తర్వాతివన్నీ చెడిపోతాయి. కాబట్టి అనుమానం వస్తే ధైర్యంగా పారేయండి. మౌస్ డ్రైవర్‌కి ఆ వెసులుబాటు ఉంది. డిస్క్ డ్రైవర్‌కి అది లేదు.

ఇక పెద్ద ఓఎస్‌లు. లైనక్స్‌లో కంట్రోలర్‌తో మాట్లాడే డ్రైవర్ వేరు, బైట్లను ప్యాకెట్‌గా కలిపే డ్రైవర్ వేరు. కలిపాక అది ఇన్‌పుట్ సబ్‌సిస్టమ్‌కి అప్పజెప్తుంది. అక్కడి నుంచి మౌస్ ఏ రకమన్న తేడా పోతుంది. పైన చెప్పిన కదలికే మూడు ముక్కలుగా బయటికి వస్తుంది: అడ్డం 5, నిలువు 2, ఆ తర్వాత 'ఈ విడత అయిపోయింది' అనే ఒక సింక్ గుర్తు. నిలువు విలువ ఇక్కడికి వచ్చేసరికి తిరగేసి, కిందికి ప్లస్‌గా మారిపోయి ఉంటుంది. 64 బిట్ సిస్టమ్‌లో ఒక్కో ముక్క 24 బైట్లు, అందులో సమయం కూడా రాసి ఉంటుంది. విండోస్‌లో కూడా అంతే, కింద పోర్టు డ్రైవర్, దాని పైన అన్ని మౌస్‌లకూ ఉమ్మడిగా ఒక క్లాస్ డ్రైవర్. ఇంటరప్ట్‌లో బైటు తీసుకుని, మిగతా పనిని కాస్త ఆగి చేసే వరసలో వేస్తుంది. క్లాస్ డ్రైవర్ దగ్గర ఒక క్యూ ఉంటుంది, దాన్ని విండోయింగ్ వ్యవస్థలోని ఒక థ్రెడ్ ఖాళీ చేస్తూ, కర్సర్ జరిపి, ఏ కిటికీకి చెందితే ఆ కిటికీకి సందేశం పంపుతుంది. బాణం వేగం, యాక్సిలరేషన్ లాంటివన్నీ పై అంతస్తు వ్యవహారాలు. డ్రైవర్ ఉన్న తేడాను ఉన్నట్టు పైకి పంపాలి.

యూఎస్‌బీ మౌస్ దగ్గర కథ మారుతుంది, ఇక్కడే చాలామంది పొరపడతారు. యూఎస్‌బీ మౌస్ వాడే పద్ధతిని 'ఇంటరప్ట్ ట్రాన్స్‌ఫర్' అంటారు, కానీ మౌస్ ఎవరినీ పిలవదు. పిలిచే హక్కు దానికి లేదు. కంప్యూటర్ వైపున్న హోస్ట్ కంట్రోలర్ అడిగితేనే చెప్పాలి.

నర్సాపురం నుంచి సఖినేటిపల్లికి గోదావరి దాటించే పంటు (పెద్ద పడవ) ఎక్కారా ఎప్పుడైనా? రేవులో నిలబడి మనం పిలిస్తే పంటు రాదు. దాని ట్రిప్పు వేళకి అది వస్తుంది, అప్పటిదాకా వచ్చిన వాళ్ళందరినీ ఎక్కించుకుని పోతుంది. యూఎస్‌బీ అచ్చం అంతే. హోస్ట్ కంట్రోలర్ మామూలు మౌస్ దగ్గరికి 8 మిల్లీసెకన్లకోసారి, అంటే సెకనుకు 125 సార్లు వెళ్ళి 'ఏమైనా ఉందా' అని అడుగుతుంది. గేమింగ్ మౌస్ దగ్గరికి 1 మిల్లీసెకనుకోసారి, సెకనుకు 1000 సార్లు. ఏమీ లేకపోతే మౌస్ 'లేదు' అంటుంది, ట్రిప్పు ఖాళీగా వెనక్కి పోతుంది, ప్రాసెసర్‌కి ఆ సంగతే తెలియదు. ఉంటే, ఆ లోపల జరిగిన కదలికంతా మౌస్ తనలో కూడి పెట్టుకుని ఒక్క మొత్తంగా ఇస్తుంది. ట్రిప్పు ఆలస్యమైనా కదలిక పోదు, జమ అవుతుంది. తేడాలు మాత్రమే చెప్పే పద్ధతిలో ఉన్న అందం ఇదే, తేడాల్ని కూడుకోవచ్చు.

ఆ డేటాను కంట్రోలర్ నేరుగా మెమరీలో పెట్టి, అప్పుడు ప్రాసెసర్‌కి ఇంటరప్ట్ ఇస్తుంది. డ్రైవర్ ముందుగానే ఒక ఖాళీ రిక్వెస్ట్ ఇచ్చి ఉంచుతుంది. నిండి వచ్చాక చదువుకుని, మళ్ళీ ఖాళీది ఇచ్చి పంపుతుంది. మళ్ళీ ఇవ్వడం మర్చిపోతే? ఒక్కసారి వచ్చి ఆగిపోతుంది. మీ 250 జబ్బుకి యూఎస్‌బీలో అన్నదమ్ముడన్నమాట.

యూఎస్‌బీలో ఇంకో సుఖం ఏమిటంటే, ప్యాకెట్ హద్దులు ఎప్పుడూ చెరగవు. వస్తే మొత్తం రిపోర్టు వస్తుంది, చెడిపోతే చెక్‌సమ్ పట్టుకుంటుంది, కంట్రోలరే మళ్ళీ అడుగుతుంది. మిల్లులో జరిగినట్టు బైట్లు పక్కకి జరిగే ప్రసక్తి లేదు. పైగా ప్లగ్ పెట్టగానే మౌస్ తన గురించి ఒక వివరణ ఇస్తుంది: నాకు ఇన్ని బటన్లు, అడ్డం కదలికకి ఇన్ని బిట్లు, స్క్రోల్ చక్రానికి ఇన్ని బిట్లు అని. డ్రైవర్ ఆ వివరణ చదివి రిపోర్టును విడదీసుకుంటుంది. ఏ షాపులో కొన్న మౌస్ అయినా సీడీ లేకుండా పని చేసేది అందుకే. అదంతా చదివే ఓపిక లేని బయోస్ (కంప్యూటర్ ఆన్ చేయగానే ముందు నడిచే ప్రోగ్రామ్) లాంటి వాటి కోసం 'బూట్ ప్రోటోకాల్' అని సింపుల్ పద్ధతి కూడా ఉంది. మొదటి మూడు బైట్లు బటన్లు, అడ్డం, నిలువు. ఇందులో కిందికి ప్లస్సే, తిరగేయక్కర్లేదు.

మీ కెర్నల్‌లో యూఎస్‌బీ జోలికి ఇప్పుడే పోకండి. హోస్ట్ కంట్రోలర్ డ్రైవర్ రాయడమే నెలల పని. పీఎస్/2 నేర్చుకోవడం పాతకాలం చదువు అని కూడా అనుకోకండి, ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్లు చాలా ఏళ్లు లోపల అదే భాష మాట్లాడాయి. చక్రం కావాలంటే ఒక తమాషా రహస్యం ఉంది. మౌస్ శాంపిల్ రేటును వరసగా 200, 100, 80 అని మూడుసార్లు మార్చి, ఆ తర్వాత దాని ఐడీ అడగండి. చక్రం ఉన్న మౌస్ 0 బదులు 3 చెప్తుంది, అప్పటి నుంచి ప్యాకెట్‌కి నాలుగు బైట్లు వస్తాయి. మూడు బైట్ల కోడు గట్టిపడ్డాకే అటు వెళ్ళండి.

ఇప్పుడు చేయాల్సిన వరస చెప్తాను. 100వ పోర్టుకి 168 రాసి మౌస్ వైపు దారి తెరవండి. కంట్రోలర్ కాన్ఫిగరేషన్ బైటులో 1వ బిట్ 1 చేయండి, 5వ బిట్ 0 చేయండి. మౌస్‌కి ఏ కమాండ్ పంపాలన్నా ముందు 100వ పోర్టుకి 212 రాసి, తర్వాతే 96కి కమాండ్ రాయాలి. ప్రతి రాతకీ ముందు స్టేటస్‌లో 1వ బిట్ సున్నా అయ్యేదాకా ఆగాలి. 244 పంపాక వచ్చే 250ను ప్యాకెట్ లెక్కలో కలపకుండా అక్కడే చదివేసి, అప్పుడు 12వ లైను మాస్క్ (ఆ లైను ఇంటరప్ట్‌ను ఆపి ఉంచే అడ్డు) తీయండి. 2వ లైను మాస్క్ కూడా తీసి ఉండాలి. హ్యాండ్లర్ చివర రెండు చిప్పులకీ సంకేతం ఇవ్వండి.

తర్వాత మౌస్‌ను అసలు కదపకుండా ఎడమ బటన్ ఒక్కసారి నొక్కి వదలండి. నొక్కినప్పుడు 9, 0, 0 రావాలి, వదిలినప్పుడు 8, 0, 0 రావాలి. మొదట 250, 9, 0 అనీ తర్వాత 0, 8, 0 అనీ వచ్చిందంటే ఆ 250 ఇంకా మీ లెక్కలోనే ఎక్కడో కూర్చుని ఉన్నట్టు.